ఖాళీ షెడ్డు

జూన్ పద్నాలుగు, శుక్రవారం

అక్కకు, నీ ధర్నా చెల్లెలు నమస్కరించి రాస్తున్నది.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను బాగానే ఉన్నాను, దగ్గు తప్ప. మీ కోళ్ళఫారానికి వచ్చి వెళ్ళినప్పుడు పట్టుకుంది, వదలడం లేదు.

ముందుగా బావకు నా థాంక్స్ చెప్పు. ఒకప్పుడు మీ గేటు ముందు ఎర్రరంగు పూసిన అట్టలు పట్టుకుని అరిచిన మరదల్ని లోపలికి రానిచ్చాడు. ధర్నా అని పిలవడం మాత్రం మానడనుకో. ఆయన అన్నదీ నిజమే, ఆ అరుపులకు ఒక్క పంజరం కూడా తెరుచుకోలేదు. అందుకే ఈసారి మా జీవకారుణ్య సంఘంలో పట్టుబట్టి పద్ధతి మార్పించాను. గొంతు చించుకున్నది చాలు, జనం చెవికి ఏది ఎక్కుతుందో ముందు చూద్దాం అన్నాను.

బజారులో బల్ల వేసి హెడ్‌ఫోన్లు పెట్టాం. ఒక రికార్డింగులో మీ మొదటి షెడ్డు కోళ్ళ గోల. ఇంకోదాంట్లో మా కార్యదర్శిగారి ఉపన్యాసం. మూడోది ఊరికే, పోల్చి చూసుకోవడానికి, ఏమీ లేని చప్పుడు. చివరి షెడ్డు ఖాళీ, అక్కడ తీసుకో అని బావే చెప్పాడు. కిటికీలు లేవు, లైట్లు లేవు. బయటి చప్పుడు పడకుండా తలుపు వేసుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఫ్యాన్ల రొద, ఆ వాసన, వెచ్చదనం. భయం పోగొట్టుకోవడానికి ఎవరైనా ఉన్నారా అని అడిగాను. కాసేపు ఆగి, ఎవరూ లేరు అని నాకు నేనే చెప్పుకుని వచ్చేశాను. ఆ రెండు మాటలూ రికార్డయ్యాయి, తీసెయ్యడానికి బద్ధకించాను. ఆ రికార్డింగుకు ‘ఖాళీ షెడ్డు’ అని పేరు పెట్టుకున్నాను.

గోల విన్నవాళ్ళు మొహం చిట్లించి హెడ్‌ఫోన్లు తీసేశారు. ఉపన్యాసం విన్నవాళ్ళు తలూపి కూరగాయలు కొనుక్కోవడానికి వెళ్ళిపోయారు. మూడోది విన్నవాళ్ళు మాత్రం కదల్లేదక్కా. నా ప్రశ్న వినపడగానే ఒక్కొక్కరూ వెనక్కి తిరిగి చూస్తున్నారు. ఒక టైలరు మళ్ళీ పెట్టమని ఊపిరి బిగబట్టి విన్నాడు. ఓ ముసలావిడ, ఎవరూ లేరు అన్న చోట నా చెయ్యి పట్టుకుని, అదేంటమ్మా అలా అంటావు, ఉన్నారుగా అంది. అది కోళ్ళ షెడ్డని మేం ఎవరికీ చెప్పనేలేదు.

ఇంతలో ఇక్కడి పెద్ద బేకరీ యజమాని కూడా విన్నాడు. పంజరాల కోళ్ళ గుడ్లు మానెయ్యాలా వద్దా అన్నది వచ్చే వారం తన భాగస్వాములకు ఇదే వినిపించి తేలుస్తాడట. ఆయన మానేస్తే మిగతా బేకరీలూ దారికొస్తాయి. కానీ, అందులో ఏముందో నిజం చెప్పమ్మా అన్నాడు. ఏమీ లేదంటే మమ్మల్ని నవ్వి పంపేస్తారు. ఏదో ఉందంటే అబద్ధమవుతుంది. ఆ షెడ్డులో ఏ యంత్రమైనా నడుస్తోందేమో బావను అడిగి వెంటనే ఫోను చెయ్యి. నేరుగా అడిగితే ఏడిపిస్తాడని భయం.

ఈ మధ్య ఇంట్లో ఫ్యాను వేసుకోవడం మానేశాను. ఆ రొద వింటుంటే గదిలో నేనొక్కదాన్నే లేననిపిస్తోంది.

ఉంటాను మరి,
నీ చెల్లి

తా.క.: కవరు అంటించబోతూ ఆగలేక బావకే ఫోను చేశాను. ఆయన ఏడిపించలేదు. ముదిరిన కోళ్ళను కోతకు అమ్మే బేరం కుదిరాక అవి మావి కావు కదా, షెడ్డులో ఉన్నా మేం ఖాళీ అనే అంటాం, నీకు తెలుసనుకున్నాను అన్నాడు. ఇక గుడ్లతో పనిలేదని మేత ఆపి లైట్లు తీసేస్తారట. చీకట్లో కోళ్ళు కిక్కురుమనవట. ఆ సాయంత్రమే లారీ వచ్చిందట. అక్కా, నేను అడిగినప్పుడు అన్నీ అక్కడే ఉన్నాయి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో. వాటి ఎదుటే ఎవరూ లేరని చెప్పి తలుపు వేసి వచ్చాను. రేపు బేకరీ ఆయనకు ఇదంతా చెబుతాను. రికార్డింగు పేరు మాత్రం మార్చను.