మునుపటి మెదడుకు సర్టిఫికెట్

డిపో మేనేజరు గారి సముఖమునకు,
కండక్టరు బానోతు హేమ్లి వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: నా మెదడు పూర్వస్థితికి వచ్చినట్లు డాక్టరు సర్టిఫికెట్ తెచ్చేదాకా డ్యూటీ లేదన్న తమరి ఉత్తర్వు గురించి.

1. కాన్పు సెలవు ముగిసి డ్యూటీలో చేరిన తొమ్మిదవ రోజున, నా కొత్తగూడెం–పర్ణశాల బస్సు రెండు స్టేజీల్లో ఆగకుండా పోయిన మాట వాస్తవం. ప్రయాణికులు ఆపమన్నారు. వినిపించింది. బెల్లు కొట్టడానికి చెయ్యి లేవలేదు. అప్పుడు నేను ఏడుస్తున్నానని మా బస్సు డ్రైవరు సర్వర్ భాయి రాసిచ్చినదీ వాస్తవమే. ఎందుకు ఏడ్చావని తమరు మెమోలో అడిగారు. నాకూ తెలియదు.

2. ఆ రోజు దిగవలసిన చోట దిగలేకపోయిన వారిలో నాగక్క అనే పెద్దామె ఫిర్యాదు చేయలేదు. పర్ణశాలలో దిగి నా చెయ్యి పట్టుకొని, "నాకు గిట్లనే అయింది బిడ్డా, మూడో కాన్పుల. ఎవలకూ చెప్పలే. నువ్వు దవాఖానాకు పో" అన్నది. పోయాను.

3. ఇది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ అని డాక్టరమ్మ చెప్పారు. రెండు నెలలుగా మందులు వాడుతున్నాను. నిద్ర తప్పవద్దన్నారు కనుక రాత్రి పాపను మా అత్తగారు చూసుకొంటున్నారు. ఇప్పుడు నలుగురిలో తిరగడం మంచిదని, డ్యూటీకి తగినదానినని రాసిచ్చారు. జతపరచడమైనది.

4. పూర్వస్థితి అనే మాట మాత్రం రాయనన్నారు. గర్భం వచ్చింది మొదలు తల్లి మెదడు మారుతుందట. మారే గుణం ఉన్నది కనుకనే నయమూ అవుతుందట. నయమైనా మునుపటిదే తిరిగి రాదట. "గట్ల రాస్తే అబద్ధమైతది. నాకిద్దరు పిల్లలు, నాకే ఎవరూ రాసియ్యలేరు" అన్నారు. ఆ మాట లేని కాగితం తీసుకోనని తమరి గుమాస్తా రెండుసార్లు తిప్పి పంపారు.

5. ఇంట్లో విశ్రాంతి తీసుకోమని తమరు దయతో అన్నారు. విశ్రాంతిలో గోడను చూడటం తప్ప పని లేదు. చూస్తూ కూర్చుంటే, నేను లేకపోయినా వీళ్లు బతుకుతారు కదా అనే ఆలోచన వస్తున్నది. డాక్టరమ్మకు చెప్పాను, తమరికీ తెలియజేసుకొంటున్నాను. నాకు భయంగా ఉంది. బస్సులో ఆ ఆలోచన రాదు. నూట పది మంది మీద పడుతుంటే దానికి నిలబడే చోటు ఉండదు.

కావున తమరు ఈ సంగతి చిత్తగించి, ఉత్తర్వులో ఆ ఒక్క మాట కొట్టివేయించి, నన్ను బస్సెక్కించవలెను.

తమ విధేయురాలు,
బానోతు హేమ్లి, కండక్టరు

తా.క.: మునుపటి హేమ్లి నాకూ కావాలి సార్. ఆమె కోసం చాలా రోజులు చూశాను. రాలేదు. ఇప్పుడు ఉన్న మనిషికే డ్యూటీ వెయ్యండి. రేపు పొద్దున ఐదింటికి గేటు దగ్గర ఉంటుంది.