నాలుగో శీర్షిక పెద్దమ్మ కోసం

అమ్మకి, నీ కూతురు వరం నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను బాగున్నాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే బాగున్నాను. నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నూనె రాస్తున్నావా, లేక సీసా అలాగే గూట్లో ఉందా? పెద్దమ్మ కూడా క్షేమంగా ఉండాలని రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను. కనీసం వచ్చే ఆదివారం దాకా.

ఈ ముక్కలు ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మనింట్లో ఏ ఫోన్ మోగినా ముందు ఎత్తేది పెద్దమ్మే కదా. అందుకే కాగితం మీద రాసి మన వీధి దర్జీ సూరన్న బాబాయి చేతికిస్తున్నాను. జాకెట్టు గుడ్డలకని ఇక్కడి పూర్ణా మార్కెట్‌కి వచ్చాడు. ఎండు రొయ్యలు కూడా పంపిస్తున్నాను. నాన్నకి ఎక్కువ పెట్టకు, ఉప్పు పడదు.

పని బాగానే సాగుతోంది. పోర్టులో దిగే సరుకుకి కాగితాలు తయారుచేసే ఆఫీసు అని చెప్పానుగా, అక్కడే. మా సారు అరుస్తాడు గానీ జీతం ఆపడు. ఉక్కపోత మాత్రం మన గోదావరి వాళ్ళు తట్టుకునేది కాదు. ఆరేసిన బట్టల మీద సాయంత్రానికి బొగ్గు నుసి పడుతుంది. తెల్ల చీరలు కట్టడం మానేశాను. అన్నం సరిగ్గానే తింటున్నాను, బెంగ పెట్టుకోకు. కింద వాటాలో మా ఇంటావిడ నూకాలమ్మ ఉంది కదా, చేపలమ్మే ఆవిడ, అమ్మగా మిగిలిన చేపల్లో నాకు పెట్టకుండా తినదు. మొదట్లో ఆదివారాలు గడిచేవి కావు. గోడ చూస్తూ కూర్చునేదాన్ని. ఆ ఆదివారాలే నా పత్రికకి పెట్టుబడి.

పత్రిక అంటే తెలుసుగా, ‘వరం కబుర్లు’. వారం వారం మన చుట్టాలందరి ఫోన్లకీ పంపుతానే, పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివి, మధ్యమధ్యలో మూతి విరుస్తుందే, అదే. మొదట్లో అంతా ఒకటే ముద్దగా రాసేదాన్ని. పని, వంట, ఎండ, సముద్రం అన్నీ కలిపి. “నీ కబుర్లు చదవాలంటే పొలం పని మానుకోవాలే” అన్నాడు చిన మావయ్య. అప్పుడు తెలిసింది, ఎవరి వాత వాళ్ళకి విడిగా పెట్టాలని. అందుకే నాలుగు శీర్షికలు చేశాను.

మొదటిది ‘పని’. అది చిన మావయ్యకి. లెక్కల్లో తప్పిన పిల్లకి పట్నంలో ఎవడు ఉద్యోగమిస్తాడని అన్నాడు కదా, ప్రతి వారం నేను సరిచూసిన సరుకు బరువులు టన్నుల్లో రాస్తాను. రెండోది ‘వంట’. అది మేనత్తకి, నాకు గంజి వార్చడం కూడా రాదంది కదా. మూడోది ‘సముద్రం’ మాత్రం ఎవరి మీదా కక్షతో కాదు, నీకోసం. నువ్వు చూడలేదుగా.

నాలుగోది ‘కొత్తగా వచ్చేవాళ్ళకి’. అది పెద్దమ్మకి. “రెండు నెలలు తిరిగేసరికి మూట పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది, చూడండి” అని ఊరంతా చెప్పింది కదా. నేను తిరిగి రావడం కాదు, వచ్చేవాళ్ళకి దారి చెప్పేంతదాన్నయ్యానని ఆవిడకి తెలియాలి. బస్సు దిగి బస్టాండ్ కాంప్లెక్స్ బయటికొస్తే ఏ ఆటో ఎక్కాలి, ఎక్కేముందు బేరం ఎలా ఆడాలి, ఒంటరి ఆడదానికి గది ఏ వైపు దొరుకుతుంది, ఇంటివాళ్ళు “మీ ఆయనేం చేస్తారు” అని అడిగితే ఏం చెప్పాలి, అన్నీ రాశాను. మనవైపు నుంచి వచ్చేవాళ్ళెవరూ లేరు. ఉత్త డాబు కోసం రాసిందే.

నాకు కోపం ఇంకా చల్లారలేదమ్మా. పెద్దమ్మ కూతురు రాణి పెళ్ళికి పసుపు దంచిన రోజు గుర్తుందా? రాణి “అక్క దంచాలి” అని తనే రోకలి నా చేతికిచ్చింది. రోకలికి కట్టిన తమలపాకులు నా వేళ్ళకి తగులుతూనే ఉన్నాయి, పెద్దమ్మ వచ్చి లాక్కుంది. “నువ్వు కాస్త పక్కకి జరుగమ్మా. శుభమా అని దంచుకుంటుంటే, మొగుణ్ణి కాదనుకొచ్చిన చెయ్యెందుకు?” అంది, నవ్వుతూ, అందరూ వినేలా. ఆ మొగుడు నన్నెలా కొట్టేవాడో ఆవిడకి తెలియదా? వాపు మీద కాపడం పెట్టింది ఆవిడే. నువ్వు తలొంచుకుని పళ్ళెంలో వక్కలు సర్దావు. నిన్నేమీ అనడం లేదు, ఆ ఇంట్లో బతకాల్సినదానివి. కానీ మర్చిపోలేదు.

ఇక అసలు సంగతి. ఈసారి మాగాయ కాస్త ఎక్కువ పంపించు, ఇప్పుడు ఇక్కడ ఇద్దరం తింటున్నాం. రాణి నా దగ్గరుంది.

కంగారు పడకు. క్షేమంగా ఉంది. నెల కిందట ఒక పొద్దున్న తలుపు తీస్తే సంచీ పట్టుకుని నిలబడి ఉంది. “నువ్వు రాసినట్టే చేశానక్కా. బేరమాడాకే ఆటో ఎక్కాను” అంది. నేను డాబుకి రాసిందంతా దాచుకుని, దాన్ని పట్టుకుని వచ్చేసిందమ్మా! దాని కథ వేరే చెప్పక్కర్లేదు. నా కథే, మొగుడి పేరు మార్చుకో. అంత మంగళకరమైన చేతులతో దంచిన పసుపు అలా పండింది. ఆ మాట దాని ముందు అనలేదులే. బట్టల కొట్లో పనికి కుదిరింది. “బతికే ఉన్నాను, వెతకొద్దు” అని వాళ్ళమ్మకి ఒకసారి ఫోన్ చేసింది, ఎక్కడుందో చెప్పలేదు. అల్లుడికి బెంగళూరు బదిలీ అయిందని, కూతురు కూడా వెళ్ళిందని పెద్దమ్మ మీ అందరికీ చెబుతోందటగా!

మొన్న నూకాలమ్మ మనవరాలి పెళ్ళికి పసుపు దంచారు. మేమిద్దరం మేడ మెట్ల మీదే నిలబడి చూస్తున్నాం. అలవాటైపోయింది కదా, దూరంగా నిలబడటం. నూకాలమ్మ చూసింది.

“ఏటలా నిలబడిపోనారు? నాను పిలుత్తన్నాను కదా, రండి.”

“మేము భర్తలతో ఉండటం లేదు కదమ్మా” అన్నాను.

“అయితే ఏటి? మొగోడు లేపోతే సెయ్యి సచ్చిపోద్దా? మా ఇంట్ల మొగోళ్ళు సంద్రం మీద ఏటకెళ్తే వచ్చిందాకా ఉన్నారో లేరో తెల్దు. అలగని పసుపు దంచడం మానేత్తామేటి? ఎయ్యి, నీదే ముందు దెబ్బ.”

రోకలి మా ఇద్దరి చేతుల్లో పెట్టింది. దంచానమ్మా. కొమ్ములు పొడయ్యేదాకా దంచాను. కళ్ళు మండాయి, పసుపు ఘాటుకే అనుకో.

నూకాలమ్మ కోడలు ఫోటో తీసింది. వచ్చే ఆదివారం నాలుగో శీర్షికలో అదే వేస్తున్నాను. రాణిని అడిగే వేస్తున్నాను. చాలాసేపు ఆలోచించి, “మొహం వద్దక్కా, చెయ్యి వెయ్యి” అంది. అందుకే మొహాలు లేవు. ఒకటే రోకలి, రెండు చేతులు. ఒకటి నాది. రెండో దానికి మణికట్టు పైన ఆకులాంటి మచ్చ ఉంటుంది. చిన్నప్పుడు పెద్దమ్మ అరిసెలు వండుతుంటే పాకం పడింది కదా, అది. మిగతా చుట్టాలకి అదెవరి చెయ్యో తెలియదు. వాళ్ళు పసుపు చూసి పక్కకి జరుపుతారు. కానీ ఆ మచ్చకి వెన్న రాసిన మనిషికి తెలుస్తుంది. మంగళానికి పనికిరాని చెయ్యి పక్కన తన కూతురు చెయ్యి ఉందని, చుట్టాలందరి ఫోన్లలోనూ ఉందని, అయినా ఒక్కరితోనూ చెప్పుకోలేనని తెలుస్తుంది. నాకదే కావాలి.

నాన్నకి నా నమస్కారాలు. పక్కింటి మామ్మగారికి కూడా చెప్పు. సూరన్న బాబాయికి ఓ ముద్ద పెట్టి పంపు, ఇక్కడ పొద్దుటనుంచీ తిరుగుతున్నాడు. మమ్మల్నిద్దర్నీ చల్లగా ఉండమని దీవించు. ఈ ఉత్తరం చదివాక చింపెయ్.

ఇంకొక్కటే అడుగుతాను. ఆదివారం పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకునేవేళకి పనులన్నీ పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చో. ఓ గ్లాసుడు మంచినీళ్ళు దగ్గర పెట్టుకో, ఆవిడకే. నాలుగో శీర్షిక దగ్గర చదవడం ఆగిపోతుంది. అప్పుడు ఆవిడ మొహంలోకి చూడు. ఈసారి మాత్రం తలొంచకమ్మా.

ఇట్లు,
నీ కూతురు
వరం