రెండు ఒడ్ల పేర్లు

ప్రేమగల అవ్వకు, బాపుకు పెద్దబిడ్డ రజిత దండాలు పెట్టి రాస్తున్నది. నేను ఈడ మంచిగున్న. మీరందరు, కోళ్ళు, బర్రెలు మంచిగున్నరని తలుస్తున్న. చెల్లె స్వప్నా, గట్టిగ చదువు. అవ్వకు ఈ ఉత్తరం చదివి చెప్పంగ ఒక్క మాట కూడ ఇడిచిపెట్టకు.

ఈడ వానలు ఆగుతలేవు. నా అర్ర కురుస్తలేదు, పరేషాన్ కాకు అవ్వా. ఇంటామె మంచిది గని కూరలల్ల కారం ఉండది, నీ మిరపతొక్కే యాదికొస్తది. రేడియో స్టేషన్ల మాట్లాడుడే నా పని, అయినా అద్దాల అర్రల కూసుంటే ఎదురుంగ మనిషి ఉండడు. పొద్దుమీకితే జర మనసున పట్టది.

నేను వచ్చేనాడు బాపు, “శాళల పాఠాలు చెప్పే బాయివి అయితే నలుగురు చూస్తరు. రేడియోల నిన్నెవలు చూస్తరు?” అని రేడియోల సెల్లులు తీసి టార్చిల ఏసుకున్నడు గద. ఆ మాట నాకు కుచ్చుకుంటనే ఉండె.

పోయిన వారం ప్రాణహిత పెరిగింది. వరద కాగితం నన్ను చదువుమన్నరు. అందుల ఈ ఒడ్డు ఊర్ల పేర్లే ఉన్నయి. మన బామ్ని ఊరి మందను మల్లయ్య మామ నది నడుమ గడ్డ మీదనే మేపుతడు, మెడల చిన్న రేడియో ఏలాడుతుంటది. అది యాదికొచ్చి నా నోరు ఆగలేదు. కాగితం అయిపోంగనే, “అవతలి ఒడ్డున బామ్ని వాళ్ళు కూడ గడ్డ మీది పశువులను జల్ది తోలుకోండి” అని చెప్పిన.

బయటికి రాంగనే పెద్దసారు నిలవెట్టిండు.

“కాగితంల లేనిది ఎందుకు చదివినవమ్మా? అది మహారాష్ట్ర. మనకు సంబంధం లేదు.”

“సార్, కాగితంల ఒక్క ఒడ్డే ఉన్నది. నీళ్ళు రెండు ఒడ్లకు వస్తయి.”

“జవాబులు మంచిగ చెప్తవ్. ఇగ మైకు దగ్గరికి రాకు.”

అప్పటికి నా నౌకరి పక్కా కాలేదు. పాత క్యాసెట్ల దుమ్ము తుడుసుకుంట, బాపుకు ఏ ముఖం చూపియ్యాలె అని ఏడ్చిన.

తెల్లారి సిరొంచ ఎస్టీడీ బూతు నుంచి ఫోనొచ్చింది. సారే ఎత్తిండు. మల్లయ్య మామ! నది అవతలికెల్లి పిలిచినట్టు ఒర్రుతుండు. సారు ఫోను చెవికి దూరం పట్టుకుంటే మాకందరికి ఇనవడ్డది.

“సారూ, మందంత ఒడ్డెక్కింది! ఒక్క దూడ పోలే. ఇప్పుడు గడ్డే కానస్తలేదు. మా రాజన్న బిడ్డ ఏది? నిన్న మాపటి సంది ఎవలో గొంతుల గింజ ఇరికినట్టు చదువుతుండ్రు!”

ఆ చదివింది మా సారే! అందరం కిందికి చూసినం. ఆఖరుకు సారే నవ్విండు. “మీ ఒడ్డు ఊర్లు పైకెల్లి కిందికి చెప్పమ్మా” అని తన చేత్తోనే కాగితం మీద రాసుకుండు. ఇప్పుడు రెండు ఒడ్ల పేర్లు చదువుతున్నం. పొద్దుటి డ్యూటీ నాదే. నౌకరి పక్కా అయింది అవ్వా! స్వప్నా, ఈ ముక్క రెండుసార్లు చదువు.

ఫోను పెట్టేముందు మామ ఇంకో మాట చెప్పిండు. బాపు టార్చిల సెల్లులు తీసి మళ్ళ రేడియోల ఏసిండట. పొలానికి చీకట్ల టార్చి లేకుంటనే పోతుండట.

పెద్దవ్వకు, మల్లయ్య మామకు నా దండాలు చెప్పుండ్రి. వీలైతే తొక్కు పంపుండ్రి. మీ దీవెన నా మీద ఎప్పటికుండాలె.

బాపూ, వరద తీసినంక పడవల వచ్చేటోళ్ళతోని రెండు జతల సెల్లులు పంపిస్త. ఒక జత టార్చికి. ఒక జత రేడియోల నాకు.

మీ బిడ్డ,
రజిత