మిల్లు ఆగుతుంది, మాటలు ఆగవు

మే 27, మంగళవారం

ఇవాళ కూడా కోదాడ నుంచి ఫోన్ రాలేదు.

శనివారం వెళ్ళి డెమో క్లాసు చెప్పి వచ్చాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు. ఇరవై నిమిషాలు చెప్పమన్నారు, నలభై అయింది. ఎవరూ ఆపలేదు. వేసవి బ్యాచ్ పిల్లలు బెంచీల మీద ముందుకు వంగి విన్నారు. మూడేళ్ళ తర్వాత చాక్‌పీస్ పట్టుకున్నాను. బస్సులో వస్తున్నంతసేపూ వేళ్ళకున్న సుద్దను తుడవలేదు.

ఫారమ్‌లో మా ఆయన నంబరే రాశాం. ఈ క్వార్టర్‌లో నా ఫోన్‌కు సిగ్నల్ ఉండదు. శ్రీకాంత్ తన నంబరే మంచిదన్నాడు. నిజమే అనుకున్నాను.

మే 30

మిర్యాలగూడకు కోడలిగా వచ్చి మూడేళ్ళు అంటారు అందరూ. నేను మిర్యాలగూడకు రాలేదు, రైస్ మిల్లుకు వచ్చాను.

శ్రీకాంత్ ఇక్కడ సూపర్‌వైజర్. మిల్లు వెనక బాయిలర్ పక్కన రెండు గదులు ఇచ్చారు. కిరాయి లేదు. సీజన్‌లో మిల్లు పొద్దున ఆరుకు మొదలైతే ఆగదు. గోడ మీద చెయ్యి పెడితే గోడ వణుకుతూ ఉంటుంది. చుట్టూ పెద్ద కాంపౌండ్, ఒకటే గేటు. గేటు దగ్గర వాచ్‌మన్ గురవయ్య. మంచివాడే. "ఏడికి బిడ్డా?" అని నవ్వుతూ అడుగుతాడు. నేను ఆటో ఎక్కేలోపల శ్రీకాంత్‌కు ఫోన్ వెళ్ళిపోతుంది.

సూర్యాపేటలో పెళ్ళికి ముందు మూడేళ్ళు పాఠాలు చెప్పాను. బస్టాండ్‌లో ఎవరో ఒక పిల్లవాడు "మేడం" అని పిలిచేవాడు. ఇక్కడ నా పేరు సూపర్‌వైజర్ గారి మేడం.

జూన్ 1

రేపు కాలేజీలు తెరుస్తారు. ఫోన్ రాలేదు.

జూన్ 3

సాయంత్రం శ్రీకాంత్ ఒక డబ్బా తెచ్చి ఒడిలో పెట్టాడు. వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్. నాయిస్ క్యాన్సిలింగ్. ధర చూసి డబ్బా మూసేశాను. ఇరవై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై. నిన్న ఏదో పని మీద సూర్యాపేట వెళ్ళినప్పుడు కొన్నాడట. పుట్టినరోజు కాదు, పెళ్ళిరోజు కాదు.

మిల్లు సప్పుడుకు తల నొస్తుందని నేను ఎన్నిసార్లు అన్నానో తనకు గుర్తుందట. ఇవి పెట్టుకుంటే ఇంట్లోనే హైదరాబాద్‌లో ఉన్నట్టు ఉంటుందట. ముందు తన ఫోన్‌కు కలిపి టెస్ట్ చేశాడు, తర్వాత నా ఫోన్‌కు కలిపాడు. ఒకేసారి రెండింటికీ కనెక్ట్ అవుతాయని మురిసిపోయాడు.

చెవులకు పెట్టుకున్నాను. మిల్లు పోయింది.

నిజంగా పోయింది. మూడేళ్ళలో మొదటిసారి నా ఊపిరి నాకు వినపడింది. ఏడుపొచ్చింది. సంతోషంతో అనుకున్నాడు తను.

జూన్ 6

మిల్లు ఆఫీసు వైఫై ఇక్కడిదాకా అందినప్పుడు రమ్యకు మెసేజ్ పెట్టాను. సూర్యాపేటలో నాతో పనిచేసింది. అంత డబ్బు పోసి కొన్నారా అని తిట్టింది. తను రెండు వేలవి వాడుతోంది, బ్రహ్మాండంగా ఉన్నాయట. ముప్పై వేలకు పదిహేను రెట్లు ఎక్కువ వినపడుతుందా అని అడిగింది.

నాకూ అదే అనుమానం. అందుకే నాలుగు రోజులు జాగ్రత్తగా గమనించాను. పాట అంత తేడాగా ఏం లేదు. చెవి నొప్పి పుట్టదు, ఛార్జింగ్ రోజులకు రోజులు ఉంటుంది. అసలు డబ్బు నిశ్శబ్దానికే. కానీ ఆ నిశ్శబ్దం కూడా పూర్తిది కాదు. మిల్లుది ఎప్పుడూ ఒకే రకంగా ఉండే హోరు, కాబట్టి దానికి ఎదురు అల పుట్టించి చంపేస్తుంది. మనిషి గొంతు అట్లా ఒకే రకంగా ఉండదు. కాబట్టి మాటలు సన్నగా లోపలికి వస్తూనే ఉంటాయి. మిల్లు ఆగుతుంది, మాటలు ఆగవు.

ఇదంతా ఎవరికైనా బోర్డు మీద గీసి చెప్పాలనిపించింది. అత్తమ్మకు చెప్పాను. శ్రద్ధగా విని, చెవులు ఉబ్బుతయేమో జర చూసుకో అంది.

అత్తమ్మ పేరు యశోద. నడిగూడెంలో నలభై ఏళ్ళు గొర్రెల వెంట తిరిగిన మనిషి. మామయ్య పోయాక మందను అమ్మేసి ఇక్కడికి వచ్చింది. రోజంతా గుమ్మంలో కూర్చుని గేటు వైపు చూస్తుంది. ఇక్కడ ఆకాశం మీద కూడా బూడిద పడ్డట్టే ఉంటది అంటుంది.

జూన్ 9

విసుగు. ఫోన్‌లో ఫిజిక్స్ పాఠం వింటుంటే మధ్యలో శ్రీకాంత్ ఫోన్‌లోని కామెడీ రీల్ నా చెవిలో పగలబడి నవ్వుతుంది. తనేమో ముందుగదిలో ఫోన్‌ను అరచేతిలో కొడుతూ సౌండ్ రావట్లేదని తిట్టుకుంటాడు.

జూన్ 11

మళ్ళీ అడిగాను. కోదాడ వాళ్ళు ఫోన్ ఏమీ చేయలేదన్నాడు. పెద్ద కాలేజీలు కదా, తెలిసినవాళ్ళకే ఇచ్చుకుంటారట. నేను మనసు చిన్నబుచ్చుకోవద్దట.

నలభై నిమిషాలు చెప్పడం తప్పేమో. ఎక్కువ మాట్లాడాను.

జూన్ 14, శనివారం, మధ్యాహ్నం 2.20

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

అన్నం తిని శ్రీకాంత్ ముందుగదిలో కూర్చున్నాడు. నేను వంటింట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వంకాయలు కోస్తున్నాను. పాట లేదు, ఏమీ లేదు, ఊరికే మిల్లు వినపడకుండా. చెవిలో హఠాత్తుగా ఒక మగగొంతు. వాయిస్ మెసేజ్.

"శ్రీకాంత్ గారూ, నమస్తే అండి. ఏసుపాదం, కోదాడ కాలేజీ ప్రిన్సిపాల్‌ని. మేడం గారికి ఇష్టం లేదని మీరు రెండో తారీఖున చెప్పారు. మాకింకా సరైన మనిషి దొరకలేదండి. డెమో విన్న పిల్లలు ఇప్పటికీ ఆవిడ గురించే అడుగుతున్నారు. సోమవారం పది లోపల ఒక్కసారి మేడం గారిని మాట్లాడమనండి. కుదరదంటే వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం."

నలభై సెకన్లు కూడా లేదు.

తలుపులోంచి చూశాను. ఫోన్‌ను చెవికి ఆనించి, సౌండ్ పెంచుతూ, మళ్ళీ చూస్తున్నాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు. నేను వంకాయ కోస్తూనే ఉన్నాను.

"పాటలు వింటున్నవా?" అన్నాడు.

తల ఊపాను. ఫోన్ పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.

2.50

డబ్బా తీసి బిల్లు చూశాను. జూన్ 2.

పొద్దున వాళ్ళతో నాకు ఇష్టం లేదని చెప్పి, సాయంత్రం ఇది కొన్నాడు.

ముప్పై వేలకు తగినవేనా అని రమ్య అడిగింది కదా. ఆ నలభై సెకన్లకైతే తగినవే. తను నాకిచ్చిన వాటిలో నిజం చెప్పింది ఇదొక్కటే.

సాయంత్రం 5.30

చెప్తాడేమో అని చూస్తున్నాను. టీ ఇచ్చాను. పక్కన కూర్చున్నాను. ఫోన్లేమైనా వచ్చాయా అని అడిగాను. లారీల వాళ్ళవి అన్నాడు.

జూన్ 15, ఆదివారం, ఉదయం 9

ఇవాళ చెప్తాడు.

మధ్యాహ్నం 1

చికెన్ తెచ్చాడు. తనే కడిగాడు. నేను కష్టపడొద్దట. ఇంత ప్రేమగా ఎవరైనా చూసుకుంటారా అని చుట్టాలందరూ అంటారు. అదే నాకు ఊపిరాడనిది. కొట్టేవాడైతే గేటు దాటడం తేలికయ్యేది.

సాయంత్రం 6

చెప్పలేదు.

సర్టిఫికెట్ల ఫైల్ తీసి సంచిలో పెట్టాను. చీర ఇస్త్రీ చేశాను.

జూన్ 16, సోమవారం

శ్రీకాంత్ ఆరుకే డ్యూటీకి వెళ్ళాడు. అత్తమ్మకు రెండే మాటల్లో చెప్పాను. ఉద్యోగం వచ్చింది, మీ కొడుకు నాకు చెప్పలేదు. ఆమె వంగి నా చీర కుచ్చిళ్ళు సర్దింది.

ఏడుంబావుకు గేటు దగ్గరికి వెళ్ళాను. లారీలు వరసగా ఆగి ఉన్నాయి. గురవయ్య అడిగాడు, చెప్పాను, ఫోన్ తీశాడు. నేను లారీల పక్కనుంచి దారి చేసుకునేలోపల శ్రీకాంత్ పరుగెత్తుకొచ్చాడు. జుట్టంతా ఊక.

"ఏడికి?"

"కోదాడకు. పదిలోపల ఉండాలె."

"నీకెట్ల తెల్సు?"

"విన్న. శనివారం, నువ్వు తెచ్చిచ్చిన దాంట్లనే విన్న."

"ఇంటికి దా లతా, మాట్లాడుకుందం. గీడ అందరు సూస్తున్నరు."

"పొద్దుమీకి వస్త కదా. అప్పుడు మాట్లాడుకుందం."

నా సంచి పట్టె పట్టుకున్నాడు. లాగలేదు. ఊరికే పట్టుకున్నాడు. తను లాగితే నేనూ లాగేదాన్ని. అట్లా పట్టుకుని నిలబడితే ఏం చేయాలో తెలియలేదు. ఎంతసేపు నిలబడ్డామో. లారీ డ్రైవర్లు బీడీలు కాల్చడం ఆపి చూస్తున్నారు. నా కాళ్ళు వెనక్కి తిరగబోతున్నాయని నాకే తెలుస్తోంది.

అప్పుడు అత్తమ్మ వచ్చింది. చెప్పులు లేవు. ఆ గరుకు ఊకలో నడుచుకుంటూ వచ్చింది.

"గొర్లను సుత పొద్దుగాల దొడ్డి ఇడుస్తం గదరా," అంది. "ఇడువు."

వదిలాడు.

హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. తొమ్మిదీ నలభైకి కాలేజీలో ఉన్నాను. ఏసుపాదం సార్ లేచి నిలబడ్డారు. "మీకు ఇష్టం లేదన్నారు కదమ్మా?"

"నన్నెవరూ అడగలేదు సార్," అన్నాను.

ఆయన అటెండెన్స్ రిజిస్టర్ నా చేతికిచ్చి సెకండ్ పీరియడ్ అన్నారు. అరవై రెండు మంది. ఏం చెప్పానో సరిగ్గా గుర్తులేదు.

సాయంత్రం ఆరున్నరకు అదే గేటు. గురవయ్య ఈసారి ఏమీ అడగలేదు. అన్నం వేడిగా ఉంది, కంచం పెట్టి ఉంది. శ్రీకాంత్ మాట్లాడలేదు.

జూన్ 18

మాట్లాడలేదు.

జూన్ 19

మాట్లాడలేదు. నా టిఫిన్ బాక్స్ మాత్రం కడిగి ఉంటోంది. తను కడగలేదని అత్తమ్మ అంది.

జూన్ 22, ఆదివారం

పొద్దున బట్టలు ఆరేస్తుంటే వచ్చి తాడు రెండో కొస పట్టుకున్నాడు. తనంతట తనే మొదలుపెట్టాడు.

రెండేళ్ళ కింద నాకు గర్భం పోయినప్పుడు సూర్యాపేటలో అమ్మ దగ్గర రెండు నెలలు ఉన్నాను. నాకు ఆ రెండు నెలలు నిద్ర తప్ప ఏమీ గుర్తులేదు. తనకు అన్ని రోజులూ గుర్తున్నాయట. నేను వస్తున్నానేమో అని రోజూ మిల్లు గేటు దాకా వచ్చి చూసి వెళ్ళేవాడట. కోదాడలో పెద్ద కాలేజీ, హాస్టల్ ఉంటుంది, రాను పోను మూడు గంటలు. నాలుగు రోజులయ్యాక నేను అక్కడే గది తీసుకుంటానంటాననుకున్నాడు.

"నువ్వు పోతే మళ్ళ రావేమో అని భయమైంది," అన్నాడు. "అడ్డం చెప్తే కొట్లాడుతవ్. అందుకే చెప్పకుంట ఆపిన. ఫోన్ పెట్టేసినంక మనసున వట్టలే. నీకేమన్న తేవాలనిపించింది."

జాలేసింది. కోపం అట్లాగే ఉంది. రెండూ ఒకేచోట ఉన్నాయి, ఒకదాన్నొకటి చంపుకోలేదు.

నేను రోజూ వస్తాను, కానీ రేపెప్పుడైనా రాకపోతే అది నీ భయం వల్ల కాదు, నీ అబద్ధం వల్ల అని చెప్పాను. తలొంచుకుని విన్నాడు. తర్వాత తన ఫోన్ తీసి, హెడ్‌ఫోన్స్ నుంచి తన కనెక్షన్ తీసేయనా అని అడిగాడు.

ఉండనియ్యమన్నాను.

నమ్మకంతో కాదు. నమ్మకం లేకనే. తనకూ అర్థమైంది. ఫోన్ జేబులో పెట్టుకుని, మిగిలిన బట్టలు ఆరేశాడు.

జూలై 5, శనివారం

గొంతు పోయింది. వారం మొత్తం రోజుకు ఐదు పీరియడ్లు, ఫ్యాన్ల సప్పుడు మీద అరిచి చెప్పడం. నోరు తెరిస్తే గాలి వస్తోంది.

అత్తమ్మ ఉప్పునీళ్ళు కాచింది. శ్రీకాంత్ కాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. ఏం కావాలో రాయమన్నాడు.

సోమవారం ఫస్ట్ పీరియడ్‌కు నా గొంతు, అని రాశాను.

రెండుసార్లు చదివి, ఉప్పునీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు.