ఫ్రిజ్‌లో నానిన ఓట్స్

రమీజా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దుటి నుంచి కుట్టు మిషను ముందు కూర్చుంటున్నాను, లేస్తున్నాను, వీధిలోకి చూసి మళ్లీ వచ్చి కూర్చుంటున్నాను.

మన అమ్మాయి సబీహాకు పెనుకొండ బడిలో ఉద్యోగం వచ్చింది. హిందూపురంలో తెల్లవారకముందే బస్సెక్కాలి. నువ్వు లేని వంటింట్లోకి అడుగు పెట్టదు, ఖాళీ కడుపుతోనే పోతుంది. మొన్న బస్సులో కళ్లు తిరిగి పడిపోతే కండక్టరు నీళ్లు చల్లి లేపాడట.

పొద్దున్నే లేచి వండడం నాకు చేతకాదు. అందుకే నిన్న సాయంత్రం కాచి చల్లార్చిన పాలలో ఓట్స్ వేసి, బెల్లం తురుము, ఏలకుల పొడి, జీడిపప్పు, ఖర్జూరం ముక్కలు కలిపాను. రంజాన్‌కు నువ్వు చేసే పాయసంలా రావాలని నా ఆశ. స్టీలు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. కానీ నువ్వు పోయాక ఆ పిల్ల తీపి ముట్టలేదు. ఇదీ ముట్టదేమోనన్న భయంతో తెల్లవారుజామునే లేచి ఎన్నిసార్లు మూత తీసి చూశానో.

డబ్బా చేతికిస్తే మూత తీసి చూసింది. "ఏంది నాయనా ఇది? వండకనే మెత్తగా ఉండాది!"

"నానేసినా. ఒక్క స్పూను తినమ్మా."

నిలబడే నోట్లో పెట్టుకుంది. అట్లే కింద కూర్చుంది. డబ్బా ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు. బస్సు పోతుందేమోనని నేనే గడపకూ రోడ్డుకూ మధ్య తిరిగాను.

చెప్పులేసుకుంటూ అంది: "రేపు బెల్లం కొంచెం తక్కువెయ్ నాయనా."

రేపటి సంగతి తనే ఎత్తింది, రమీజా. ఇంట్లో పాలు అయిపోయాయి. అంగడికి పోతున్నాను.