ఉన్నదున్నట్టు గీసిన ముఖం

అక్కా,

నేను బాగానే ఉన్నాను. జైల్లో పాఠాలని నువ్వు బెంగపడుతున్నావు గానీ, రోజూ సాయంత్రం నన్ను బయటికి వదిలేస్తూనే ఉన్నారు.

ఖైదీలకి బొమ్మల చరిత్ర చెప్పడానికి రాజులూ తేదీలూ పక్కన పెట్టి, ఎక్కడివాడికైనా తెలిసిన సంగతి వారానికొకటి తీసుకుంటున్నాను. తల్లీబిడ్డా, తిండీ అయ్యాయి. పోయిన వారం ముఖం. దేశదేశాల చిత్రకారులు తమ ముఖాలు తామే గీసుకున్న బొమ్మలు చూపించి, మీవీ గీయండన్నాను. లోపల అద్దాలుండవని నాకు తట్టలేదు. వాళ్ళలో వడ్రంగి పని చేసే ఒక పెద్దాయన నల్లటి జుట్టుతో, నిండు బుగ్గలతో గీశాడు. పదమూడేళ్ళ కిందట లోపలికొచ్చినప్పటి ముఖం.

"ఇది నువ్వా, నీ కొడుకా బాబాయ్?" అన్నాడు పక్కవాడు.

"సోమవారం మా అమ్మాయి మొదటిసారి చూడ్డానికొస్తోంది. ఇప్పుడెలా ఉన్నానో మీరు గీసి పెట్టండి సార్" అని పెద్దాయన నన్నడిగాడు.

నా బుద్ధి గడ్డి తిని, ఉన్నదున్నట్టు గీశాను. చాలాసేపు చూసి, "పిల్ల జడుసుకుంటుంది" అన్నాడు. రావద్దని ఆ రోజే కూతురికి ఉత్తరం రాయించేశాడు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నడవగలిగితే ఒక పని చేసిపెట్టు. ఖైదీల ఇళ్ళకి మేం వెళ్ళకూడదు. ఆ అమ్మాయి మీ ఊళ్ళోనే, బస్టాండు ఎదురుగా టైలరు దగ్గర కుడుతోందట. మీ నాన్న జుట్టంతా నెరిసింది, బుగ్గలు లోపలికి పోయాయి, ముందు పళ్ళు లేవు అని చెప్పు. ముందే తెలిస్తే జడుసుకోదు. ఆయన వద్దన్నా వచ్చే సోమవారం రమ్మను. ఆ పిల్లకిప్పుడు ఆరేళ్ళు కాదు, పంతొమ్మిదని ఆయనకీ ఎవరూ చెప్పినట్టు లేదు.

బావగారికి నమస్కారాలు, పిల్లలకి దీవెనలు.

నీ తమ్ముడు