పేర్లు చెక్కిన గ్లాసులు

ఏలూరు,
22-4-2007

ప్రియమైన సువర్ణకు,

మామ్మ ఆశీస్సులు. కైకలూరులో మీ అత్తవారింట ఉన్న నాలుగు రోజులూ నిన్ను గమనిస్తూనే ఉన్నాను. చేపలకు మూతగిన్నె పట్టుకెళ్ళావు, కూరగాయలకు గుడ్డ సంచి. కొట్టువాడు కవరు ఇవ్వబోతే "వద్దండీ" అని చేయి వెనక్కి తీసుకున్నావు. బడిలో ఎంతోమందికి పాఠాలు చెప్పాను. విన్నది చేసేవాళ్ళు కొద్దిమందే. నిన్ను వాళ్ళలో కలిపాను.

ఒక్క తప్పు చూశాను. సాయంత్రం హోటలు నుంచి టీ ప్లాస్టిక్ కవరులో పొగలు కక్కుతూ వచ్చింది. ఫ్లాస్కు అలమారలో ఉంది. దించు.

మీ ఆడపడుచు క్రిస్టినా పెళ్ళి విందులో ప్లాస్టిక్ గ్లాసులూ నీళ్ళ ప్యాకెట్లూ వద్దన్నావట. మీ అత్తగారు మరియమ్మ గారు నాతో వాపోయారు. ఆవిడతో వాదించకు, మాట మాత్రం వదులుకోకు.

నీ మేలు కోరే
జీవరత్నం

కైకలూరు,
2-5-2007

ప్రియమైన మామ్మకు,

నమస్కారాలు. ఫ్లాస్కు దించాను. గ్లాసుల విషయంలో మాత్రం ఇంట్లో పెద్ద గొడవే జరిగింది.

"తాడేపల్లిగూడెం వాళ్ళు మగపెళ్ళివారు. ఎవరో వాడిన స్టీలు గ్లాసు వాళ్ళ చేతిలో పెడితే రేపు క్రిస్టినాని ఏమంటారు?" అన్నారు అత్తయ్యగారు.

"శుభ్రంగా కడిగే ఇస్తామండీ."

"అన్ని గ్లాసులు ఎక్కణ్ణించి తెస్తావు?"

"వీధిలో అడుగుతానండీ."

ఆవిడ నన్ను తేరిపార చూసి, "ఒక్కటి పోయినా ఈ వీధిలో నేను తలెత్తుకోలేను. గుర్తుపెట్టుకో" అన్నారు.

ఇల్లిల్లూ తిరిగాను. ఎవరి పేరు వాళ్ళ గ్లాసు మీద చెక్కి ఉంది గనుక కలిసిపోతాయన్న భయం లేదు. పాండురంగారావు మాస్టారు పెట్టె దించి మరీ ఇచ్చారు. ఎదురింటి బీబీ గారు మాత్రం, "ఇది మా పుట్టింటి గ్లాసు. పోయిందంటే మా ఆయన్నైనా క్షమిస్తాను గానీ నిన్ను క్షమించను" అని నవ్వుతూనే చేతిలో పెట్టారు.

మీ మోకాలి నొప్పి తగ్గితే తప్పక రండి.

మీ సువర్ణ

ఏలూరు,
6-5-2007

ప్రియమైన సువర్ణకు,

మోకాలు బస్సెక్కనివ్వదు. తాగిన గ్లాసులకు ఒక గంగాళం, కడిగినవాటికి ఒకటి ఏర్పాటు చెయ్యి. రెండూ పక్కపక్కన పెట్టకు. నీళ్ళ డ్రమ్ముకు కుళాయి బిగించు.

నేనెప్పుడూ ఆజ్ఞాపించినదాన్నే గానీ అడిగినదాన్ని కాదు. నువ్వు గడప గడపకూ వెళ్ళి అడిగావు. అది నాకు చేతకాని పని. అందుకు నిన్ను మెచ్చుకుంటున్నాను.

నీ కోసం ప్రార్థిస్తూ
మామ్మ

కైకలూరు,
14-5-2007

ప్రియమైన మామ్మకు,

విందు బాగా జరిగింది. పందిట్లో ఒక్క ప్లాస్టిక్ గ్లాసు కనబడలేదు. ఆ తరువాత నేనే అంతా పాడు చేశాను.

మగపెళ్ళివారి బస్సు బయలుదేరబోతోంది. ఎండ మండిపోతోంది. దారిలో నీళ్ళ ప్యాకెట్లు కొంటారని, నేనే బస్సెక్కి అందరికీ స్టీలు గ్లాసుల్లో మజ్జిగ ఇచ్చాను. ముందు సీట్లో ఒక పెద్దావిడ తాగేసి గ్లాసు తిప్పి చూసి, "పేరు కూడా చెక్కించారర్రా!" అని సంచిలో వేసుకుంది. పెళ్ళిళ్ళలో గ్లాసులు పంచడం మామూలే కదా. అందరూ తలొకటీ దాచుకున్నారు. పెళ్ళికొడుకు తల్లి మాణిక్యం గారు కిందికి దిగి వచ్చి అత్తయ్య చేతులు పట్టుకుని, "మా వాళ్ళందరికీ తలో గ్లాసా! ఎవరు చేస్తారండీ ఇంత మర్యాద?" అన్నారు.

అత్తయ్య నవ్వారు. బస్సు కదిలాక నాతో మాట్లాడటం మానేశారు.

ఇచ్చినవి తిరిగి అడిగితే క్రిస్టినా అక్కడ తలెత్తుకోలేదు. అడగకపోతే ఇక్కడ మేం తలెత్తుకోలేం. బీబీ గారు కనబడితే గుమ్మం లోపలికి వచ్చేస్తున్నాను. ఏం చెయ్యను మామ్మా?

మీ సువర్ణ

ఏలూరు,
18-5-2007

ప్రియమైన సువర్ణకు,

నిన్న మోకాలికి పట్టీ కట్టుకుని రైల్లో గూడెం వెళ్ళాను. అడిగి తెచ్చేద్దామనే వెళ్ళాను, పెద్ద గుడ్డ సంచితో సహా.

మాణిక్యం అరుగు మీద నలుగురు ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని ఉంది. నీ మామ్మనని చెప్పాను. "రండి మామ్మగారూ! మా కోడలికి వాళ్ళ వీధి వీధంతా పేర్లు చెక్కించి చదివించారని వీళ్ళకి చెబుతున్నానండీ. ఈ బీబీ గారెవరో గానీ, పొద్దున్నే నా కాఫీ ఆవిడ గ్లాసులోనే. వచ్చే ఆదివారం మా మందిరంలో విందుకి ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోమన్నామండీ. ప్లాస్టిక్‌వి కొనొద్దని చెప్పేశాం."

తలుపు పక్కన క్రిస్టినా నా సంచి చూసి పాలిపోయి నిలబడింది.

"ఇంత సంచి ఎందుకండీ?" అంది మాణిక్యం.

"ఉల్లిపాయలకు" అన్నాను.

అబద్ధం కాకూడదని తిరిగి వచ్చేటప్పుడు మార్కెట్టుకు వెళ్ళి కొన్నాను. ఇంట్లో వాటి అవసరం లేదు.

నేను రిటైరైనప్పుడు వచ్చినవీ, పెళ్ళిళ్ళలో ఇచ్చినవీ అటక మీద గ్లాసులు ఉన్నాయి. లెక్క చూశాను, మీ వీధికి సరిపోతాయి. ఆదివారం మీ నాన్నతో పంపుతున్నాను. ఊరికే ఇచ్చి రాకు, ప్రతి ఇంట్లోనూ జరిగింది జరిగినట్టు చెప్పు. బీబీ గారికి ముందు చెప్పు. ఆమెకు తన గ్లాసే కావాలంటే, ఆ ఒక్కదాని కోసం నేనే మళ్ళీ వెళ్తాను. ఈసారి అడగడం నేర్చుకుంటాను.

ఈ ఉత్తరం మీ అత్తగారికి చదివి వినిపించు. బస్సెక్కి మజ్జిగ ఇచ్చిన కోడలు ఆ ఊళ్ళో ఇంకెవరికీ లేదని నా మాటగా చెప్పు.

గ్లాసులు తిరిగి రానక్కరలేదు. సంచులు మాత్రం మీ నాన్న చేతికిచ్చి పంపు. సోమవారం నాకు బజారు పని ఉంది.

నిన్ను చూసి గర్వపడే
మామ్మ